చిటికెడు నీలం

(సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి సందర్భంగా మంత్రాలయంలో యువతతో మాట్లాడిన మాటల పాఠం)





ఈ రోజున మనం ఏం మాట్లాడుకుంటామో మీకు ముందే తెలుసు. సారా మానాలి, పిల్లల్ని బడి మాన్పించకూడదు, గోర్ బోలీని మరిచిపోకూడదు. ఆ మాటలు పెద్దలు ఇప్పుడే చెప్పారు, మళ్లీ చెప్పి మీ ఓపికను పరీక్షించం. మాకిచ్చిన ఈ కాస్త సమయంలో మేము ఒక రాయి గురించి మాట్లాడతాం. నీలిరంగు రాయి గురించి.

సేవాలాల్ జయంతికీ రాయికీ ఏం సంబంధం అని నవ్వుతున్నారు. సంబంధం ఉంది. జూన్‌లో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో జనం వంగి నేల చూసుకుంటూ తిరుగుతారు. మన తండాల పిల్లలూ పోతారు. ఒక పూట అని పోయినవాడు నెల ఉంటాడు. కాలేజీలో చేరాల్సిన రోజులు అక్కడే గడిచిపోతాయి. ఇక పుణ్యక్షేత్రాల దగ్గర, సంతల్లో మనకు "నీలం" అని రాళ్లు అమ్ముతారు. శని పోతుందంటే వెయ్యో రెండు వేలో పోసి కొంటాం. మూడోది, మన ఇళ్లలో పాత ట్రంకుపెట్టెల్లో అవ్వల నగలున్నాయి. నీలిపూసలు, గవ్వలు, అద్దాలు కుట్టిన కాంచళి, ఫేట్యా ఉన్నాయి. వాటిని ఎవరో వచ్చి పాత సామాన్లంటూ కిలోల లెక్కన కొనుక్కుపోతున్నారు.

మూడు చోట్లా ఒకే సంగతి జరుగుతోంది. వస్తువు మన చేతిలో ఉంటుంది, అదేమిటో తెలిసినవాడు మాత్రం ఎదుటివాడు. దొరికినప్పుడు తక్కువకు అమ్ముతాం, కావాలనుకున్నప్పుడు ఎక్కువకు కొంటాం. అందుకే ఈ రోజు నీలం అంటే ఏమిటో, ఒక రాయి ఎందుకు నీలంగా ఉంటుందో, దాన్ని ఎలా తెలుసుకోవాలో చెప్పాలనుకున్నాం.

మొదట మన తెలుగు నేల మీద పుట్టిన ఒక నీలిరాయి కథ చెబుతాం. అందులో మన వాళ్లూ ఉన్నారు.

17వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి జాన్ బాప్టిస్ట్ టావెర్నియే అనే రత్నాల వ్యాపారి మన దేశానికి చాలాసార్లు వచ్చాడు. గోల్కొండ రాజ్యంలో తిరిగాడు, వజ్రాల గనులు చూశాడు. ఆ ప్రయాణాల గురించి ఆయన రాసిన పుస్తకం 1676లో ప్యారిస్‌లో అచ్చయింది. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గని గురించి అందులో రాశాడు. సుగ్గికి మిరపకోతలకని మనం ఏటా పోతామే, ఆ గుంటూరు, పల్నాడు వైపే ఈ కొల్లూరు. అక్కడ మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిపి 60 వేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. ఆ గని చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

అదే పుస్తకంలో ఇంకో చోట, దారి పొడవునా తనకు ఎదురైన ఎద్దుల బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు. ఒక జట్టు ధాన్యం మోస్తే, ఒక జట్టు బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు. ఇరుకు దారిలో ఎదురుపడితే అవన్నీ దాటిపోయేదాకా ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. భార్యాపిల్లలతో గుడారాల్లో ఉంటూ ఊరూరూ తిరిగే మనుషులని రాశాడు. ఎవరు వాళ్లు? మన తాతముత్తాతలు. మన లదేణి అది. వజ్రాలు కొన్న మనిషే మన ఉప్పు ఎద్దులను కూడా చూసి ఒకే పుస్తకంలో రాసిపెట్టాడు. మా చరిత్ర ఎక్కడా లేదని ఎవరన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

ఆ టావెర్నియే మన దేశం నుంచి తీసుకుపోయిన వాటిలో ఒక పెద్ద నీలివజ్రం ఉంది. బరువు ఆనాటి లెక్కలో 112 క్యారెట్లకు కొంచెం పైన. ఇప్పటి తూకంలో దాదాపు 23 గ్రాములు. అది కొల్లూరు గనిదే అయి ఉంటుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. 1668లో దాన్ని ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మాడు. ఇక్కడ మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం 1671లో జరిగింది కదా, ఇంచుమించు ఆ కాలమే. 1673లో రాజు దాన్ని మళ్లీ సానబట్టించాడు. 1792లో ఫ్రెంచి విప్లవం గందరగోళంలో అది దొంగల పాలైంది. 1839 నాటికి ఇంకాస్త చిన్నగా, లండన్‌లో హోప్ అనే కుటుంబం దగ్గర తేలింది. అందుకే దాన్ని హోప్ వజ్రం అంటారు. చివరికి హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి 1958 నవంబరులో దాన్ని అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎలా పంపాడో తెలుసా? రిజిస్టర్డ్ పోస్టులో. ఇప్పుడు దాని బరువు 45.52 క్యారెట్లు, అంటే తొమ్మిది గ్రాములు. వాషింగ్టన్‌లో అద్దాల పెట్టెలో ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి చూసిపోతారు.

ఆ రాయికి శాపం ఉందని, దేవుడి విగ్రహం కంటి నుంచి పెరికారని కథలున్నాయి. అవన్నీ తర్వాత పత్రికల వాళ్లు, వ్యాపారులు అల్లినవి. రాజుల పేర్లు, వ్యాపారుల పేర్లు, దాన్ని మెళ్లో వేసుకున్న వాళ్ల పేర్లు అన్నీ రాసి ఉన్నాయి. మట్టిలోంచి దాన్ని తీసిన చెయ్యి ఎవరిదో మాత్రం ఎక్కడా రాసి లేదు. మాకు శాపం కంటే ఇదే ఎక్కువ బాధ అనిపిస్తుంది.

సరే, ఆ రాయి ఎందుకు నీలంగా ఉంది?

వజ్రం అంటే కార్బన్. మీ పొయ్యిలో బొగ్గు ఏ పదార్థమో అదే. పెన్సిల్‌లో నల్లగా రాసే గ్రాఫైట్ కూడా అదే. తేడా అంతా లోపలి కట్టుబడిలో ఉంది. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువూ చుట్టూ ఉన్న మరో నాలుగింటితో గట్టిగా చేతులు కలిపి ఉంటుంది. అందుకే గట్టిదనం కొలిచే మోస్ పట్టీలో దానికి 10. అంతకు మించి అంకె లేదు. స్వచ్ఛమైన వజ్రానికి రంగుండదు. కానీ లక్షల కార్బన్ పరమాణువుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి బోరాన్ పరమాణువు వచ్చి కూర్చుంటే, ఆ రాయి తెల్లటి వెలుగులోని ఎరుపు వైపు రంగులను మింగేస్తుంది. మన కంటికి నీలం మిగులుతుంది. బోరాన్ ఎంత ఉంటుంది? పది లక్షల పరమాణువుల్లో ఒకటో, కొన్నో. అంతే.

ఆ చిటికెడు బోరాన్ ఇంకో పని కూడా చేస్తుంది. మామూలు వజ్రం కరెంటును పోనివ్వదు. నీలివజ్రం పోనిస్తుంది. మీ ఫోన్‌లో ఉండే సెమీకండక్టర్ లాంటిదన్నమాట. హోప్ వజ్రం మీద అతినీలలోహిత కాంతి వేసి, చీకట్లో ఆ దీపం ఆర్పేస్తే, అది కాసేపు ఎర్రటి నిప్పులా వెలుగుతుంది. పైకి నీలం, లోపల ఎరుపు.

ఇంకా ఒక సంగతి. మామూలు వజ్రాలు భూమిలో 150, 200 కిలోమీటర్ల లోతున పుడతాయి. నీలివజ్రాలు కనీసం 660 కిలోమీటర్ల లోతు నుంచి వచ్చి ఉంటాయని 2018లో శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ రాళ్ల లోపల చిక్కుకున్న చిన్న చిన్న ఖనిజాలను చూసి ఆ లెక్క వేశారు. బోరాన్ అంత లోతులో మామూలుగా ఉండదు. ఒకప్పటి సముద్రపు అడుగు నేల భూమిలోకి కుంగిపోయి మోసుకుపోయిన బోరాన్ అయి ఉండవచ్చని వాళ్ల ఊహ. అంటే సముద్రంలోని పదార్థం భూగర్భంలోకి పోయి, కోట్ల ఏళ్ల తర్వాత మన కృష్ణ ఒడ్డున రాయిగా బయటపడిందన్నమాట.

ఇక రెండో నీలం. అంగట్లో మనకు తెలిసిన నీలం ఇదే. దీని అసలు పేరు కురువిందం. ఇంగ్లీషులో కొరండమ్ అనే మాట మన దక్షిణాది మాట నుంచే పోయింది. కత్తులు నూరే సానరాళ్లలో వాడేది ఈ ఖనిజమే. రెండు అల్యూమినియం పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు, ఇదీ దాని కట్టుబడి. స్వచ్ఛంగా ఉంటే ఇదీ రంగు లేని రాయే. కాస్త క్రోమియం చేరితే ఎర్రబడుతుంది, కెంపు అంటాం. కాస్త ఇనుము, టైటానియం రెండూ కలిసి చేరితే నీలంగా మారుతుంది. కెంపూ నీలమూ ఒక తల్లి పిల్లలే, కలిసిన చిటికెడు వేరు. గట్టిదనంలో దీనికి 9, వజ్రం తర్వాత ఇదే.

కానీ "నీలం" అని చేతిలో పెట్టేదంతా నీలం కాదు. కొన్ని రంగు గాజు ముక్కలు. కొన్ని రంగు పట్టించిన మామూలు రాళ్లు. కొన్ని లాపిస్ లాజులి అనే రాయి. దాన్ని మన పాత వైద్య గ్రంథాల్లో రాజావర్తం అంటారు. అఫ్ఘానిస్థాన్‌లోని బదఖ్‌షాన్ కొండల్లో వేల ఏళ్లుగా తవ్వుతున్నారు. అది ఒక్క ఖనిజం కాదు, కొన్ని కలిసిన బండ. నీలంగా కనిపించేది లాజురైట్, తెల్ల మచ్చలు కాల్సైట్, బంగారు చుక్కల్లా మెరిసేది పైరైట్. దాని నీలం గంధకం వల్ల వచ్చింది. అది మోసపు రాయేమీ కాదు, అందమైన రాయి. కానీ వెలుగు లోపలి నుంచి రాదు, గట్టిదనం 5, 5.5 మాత్రమే. దాన్ని దాని పేరుతో అమ్మితే తప్పు లేదు. నీలమని అమ్మితే మోసం.

ఇంకో చిక్కు ఉంది. నూరేళ్లకు పైగా నీలాన్ని కొలిమిలో కూడా తయారు చేస్తున్నారు. దానిలోనూ అల్యూమినియం, ఆక్సిజన్, ఇనుము, టైటానియమే. గట్టిదనం అదే, బరువు అదే. అది నిజంగా నీలమే, కాకపోతే భూమిలో పుట్టలేదు. ధర మాత్రం ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా. దాన్ని సూక్ష్మదర్శినితో చూసి ప్రయోగశాల వాళ్లే తేల్చాలి. కాబట్టి ఖరీదైన రాయి కొనేటప్పుడు ప్రయోగశాల సర్టిఫికెట్ అడగండి. ఇవ్వనంటే దండం పెట్టి వచ్చేయండి. గ్రహాలు, జాతకాలు ఎవరి నమ్మకం వాళ్లది, మేము దాని జోలికి పోము. కానీ నమ్మకం మీదైనా డబ్బు ఇచ్చేటప్పుడు, చేతికొచ్చిన వస్తువు ఏమిటో తెలియాలి కదా.

ఇప్పుడు ఇంట్లో చేసుకోగలిగిన ఒక పరీక్ష చెబుతాం. ఇంటర్ చదివే పిల్లలు రాసుకోండి. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఆర్కిమెడీస్ సూత్రం ఉంది కదా, అదే ఇది.

కంసాలులు వాడే చిన్న ఎలక్ట్రానిక్ తూకం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. మొదట రాయిని పొడిగా తూచండి. తర్వాత తూకం మీద ఒక గ్లాసులో నీళ్లు పెట్టి, బటన్ నొక్కి సున్నా చేయండి. రాయిని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. ఇప్పుడు తూకం చూపించే అంకె, ఆ రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. వచ్చేది రాయి సాంద్రత.

ఉదాహరణకు రాయి 2 గ్రాములు ఉందనుకుందాం. నీళ్లలో తూకం 0.50 చూపిస్తే 2ను 0.50తో భాగిస్తే 4. అది కురువిందం కావచ్చు. 0.57 చూపిస్తే 3.5 వస్తుంది, అది వజ్రం సాంద్రత. 0.75 చూపిస్తే 2.65 దగ్గర వస్తుంది. అది క్వార్ట్జ్, అంటే మన వాగుల్లో దొరికే పలుగురాయి. జొన్నగిరిలో వజ్రమనుకుని జేబులో వేసుకునేవి ఎక్కువ ఇవే. 0.80 చూపిస్తే 2.5, మామూలు గాజు కావచ్చు. అమెరికన్ డైమండ్ అని అమ్మేది అయితే 5.5 దాటుతుంది.

జాగ్రత్త, ఈ పరీక్ష "కాదు" అని చెప్పడానికి బాగా పనికొస్తుంది, "అవును" అని చెప్పడానికి చాలదు. పుష్యరాగం సాంద్రత కూడా 3.5 దగ్గరే. సీసం కలిపిన గాజు కూడా బరువెక్కువ. రాయి మరీ చిన్నదైతే తూకం తప్పు చూపిస్తుంది. అయినా పది రాళ్లలో తొమ్మిదింటిని ఇంట్లోనే ఏరి పారేయొచ్చు. మిగిలిన ఒక్కదాన్ని పరీక్షకు తీసుకుపోవచ్చు.

చెయ్యకూడని పని కూడా ఒకటి చెప్పాలి. వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదని ఒక మాట మన ఊళ్లలో ఉంది. దయచేసి నమ్మొద్దు. గట్టిదనం అంటే గీత పడకపోవడం. పగలకపోవడం వేరే. వజ్రం లోపల కొన్ని దిక్కుల్లో చీలే గుణం ఉంది, సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది. ఆ మాట నమ్మినవాడు చేతికొచ్చిన అసలు వజ్రాన్ని తానే ముక్కలు చేసుకుని, అది వజ్రం కాదని పారేసి పోతాడు. సానబట్టని వజ్రం ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. అంగట్లో ఉన్నట్టు తళతళలాడదు. నూనె రాసినట్టు జిడ్డు మెరుపు ఉంటుంది. చాలాసార్లు రెండు పిరమిడ్లు అడుగులు కలిపినట్టు ఎనిమిది ముఖాలుంటాయి. భూతద్దంతో చూస్తే ఆ ముఖాల మీద చిన్న చిన్న త్రికోణాల గుంటలు కనిపించవచ్చు.

మన దగ్గర వజ్రాలు దొరకడంలో మాయ ఏమీ లేదు. వజ్రకరూరు చుట్టుపక్కల భూగర్భం నుంచి పైకి తన్నుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలున్నాయి. కోట్ల ఏళ్లుగా వానలకు ఆ రాళ్లు అరిగి, వజ్రాలు మట్టిలో, గులకరాళ్లలో కలిసి దూరం కొట్టుకుపోయాయి. ప్రతి తొలకరికీ పైమట్టి కొట్టుకుపోయి ఒకటో అరో బయటపడుతుంది. ఒకరికి దొరికితే పేపర్లో వస్తుంది. దొరకని వేల మంది గురించి ఏ పేపర్లోనూ రాదు. పోవద్దని మేము శాసించం. ఒక ఆదివారం పోయి రండి, నేల గురించి నేర్చుకోండి. చదువు మానేసి, కూలి మానేసి, అప్పు చేసి గుడారం వేసుకుని నెలల తరబడి ఉండొద్దు. ఇతరుల పొలంలోకి అడగకుండా పోవద్దు. అనుమతి లేకుండా గుంతలు తవ్వడం చట్టానికి విరుద్ధం, అలాంటి పని చేయించేవాడి వెంట అసలే పోవద్దు.

దొరికితే ఏం చేయాలి? ఇక్కడే మనకు పెద్ద లోటు ఉంది. మధ్యప్రదేశ్‌లో పన్నా అనే జిల్లా ఉంది. అక్కడ ప్రభుత్వానికి వజ్రాల ఆఫీసు ఉంది. ఎవరైనా కొద్దిపాటి రుసుము కట్టి ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు చోటు తీసుకుని తవ్వుకోవచ్చు. దొరికిన వజ్రాన్ని ఆఫీసులో జమ చేయాలి. వాళ్లు తూచి, విలువ కట్టి, అందరి ముందూ వేలం వేస్తారు. ప్రభుత్వం వాటా పోగా మిగిలింది దొరికినవాడికే. 2024 జూలైలో అక్కడ ఒక గోండు కూలీకి 19.22 క్యారెట్ల వజ్రం దొరికింది. గోండులు కూడా మనలాగే ఆదివాసులు. అతను దాన్ని రాత్రికి రాత్రి దళారికి అమ్మలేదు. ఆఫీసుకు పోయి రసీదు తీసుకున్నాడు. విలువ 80 లక్షలు ఉంటుందని అంచనా వేశారు.

మన దగ్గర ఏం జరుగుతుంది? రాయి దొరికిన గంటకే దళారి వస్తాడు. అతని దగ్గర తూకముంది, భూతద్దముంది, ఫోన్‌లో నలుగురు వ్యాపారులున్నారు. మనవాడి దగ్గర భయం ఉంది. "బయటికి తెలిస్తే పోలీసులు పట్టుకుపోతారు, ఇప్పుడే ఇచ్చేయ్" అంటాడు. ఆ భయానికే సగం ధర పోతుంది. పన్నాలో ఉన్నట్టు తూకం, విలువ, వేలం అందరికీ కనిపించే ఏర్పాటు మన జిల్లాలో కూడా కావాలని మనం అడగాలి. గ్రామసభలో అడగాలి, ఓట్లడగడానికి వచ్చేవాళ్లను అడగాలి. అది వచ్చేదాకా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రాయికి ఆకలి వేయదు. ఇవాళే అమ్మకపోతే అది చెడిపోదు. తొందర ఎప్పుడూ కొనేవాడిదే, అమ్మేవాడిది కాకూడదు.

చివరగా మూడో నీలం. మన అవ్వల నీలిపూస.

అది గాజు. మామూలు ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగిస్తే గాజు. అందులో చిటికెడు కోబాల్టు పడితే ముదురు నీలం, రాగి పడితే లేత నీలం. గాజుపూసల పని మన తెలుగు నేల మీద చాలా పాతది. శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో, కరిగిన గాజును సన్నటి గొట్టంగా లాగి పూసలుగా కోసే పద్ధతి తరతరాలుగా నడిచింది. దక్షిణ భారతంలో రెండు వేల ఏళ్ల నాటి పూసలు కూడా అదే పద్ధతిలో చేసినవి. మన లదేణి ఎద్దులు ఉప్పూ ధాన్యమూ మోస్తూ ఊరూరూ తిరిగినప్పుడు, ఒక ఊళ్లో పూసలు, ఒక ఊళ్లో గవ్వలు, ఇంకో ఊళ్లో అద్దాలు సంపాదించుకున్నారు మన ఆడవాళ్లు. ఇల్లు లేని మనుషులకు ఆస్తి అంతా ఒంటి మీదే. తాము నడిచిన దారులను వాళ్లు కాంచళి మీద కుట్టుకున్నారు.

ప్రయోగశాలకు తీసుకుపోతే ఆ పూస ఖరీదు అర్ధరూపాయి కూడా చేయదని చెబుతారు. సాంద్రత 2.5, గట్టిదనం 5.5. వాళ్లు చెప్పింది నిజమే. కానీ పాత సామాన్లవాడు ఆ కాంచళిని కిలో లెక్కన కొనుక్కుపోయి, పట్నంలో, విదేశాల్లో వేలకు ఎందుకు అమ్మగలుగుతున్నాడు? కొనేవాడు గాజుకు డబ్బు ఇవ్వడం లేదు. కుట్టుకు, పాతదనానికి, ఇది ఫలానా వాళ్లదని చెప్పే గుర్తుకు ఇస్తున్నాడు. మనకు ఆదోని నుంచి దూరం కాదు, బళ్లారి జిల్లా సండూరులో లంబాణీ ఆడవాళ్ల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. వాళ్లు తమ చేతిపనిని తమ పేరుతోనే అమ్ముకుంటున్నారు. అదే పని మన తండాల చెల్లెళ్లూ చేయగలరు. అవ్వ దగ్గర కూర్చుని ఏ కుట్టు పేరేమిటో అడిగి నేర్చుకోవడమే మొదటి అడుగు.

కాబట్టి ఈ రోజు మీకు మేమిచ్చే పని చిన్నదే. ఇంటికి పోయాక అవ్వ పెట్టె తెరవమనండి. ప్రతి నగకూ గోర్ బోలీలో పేరు అడగండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఎవరు కుట్టారో, ఏ పెళ్లికి కుట్టారో అవ్వ మాటల్లోనే రికార్డు చేయండి. అమ్మాలా ఉంచాలా అన్నది మీ ఇంటి ఇష్టం. అవసరం వచ్చి అమ్మినా, అదేమిటో తెలిసి అమ్మండి.

మూడు రాళ్ల సంగతి చూశాం. ఒకటి బొగ్గు, ఒకటి సానరాయి, ఒకటి ఇసుక. మూడూ మన కాళ్ల కింద దొరికే మామూలు పదార్థాలే. చిటికెడు బోరాన్ బొగ్గును రాజు మెడలో హారం చేసింది. చిటికెడు ఇనుము, టైటానియం సానరాయిని నీలం చేశాయి. చిటికెడు కోబాల్టు ఇసుకను మన అవ్వ నగ చేసింది. మనిషికి ఆ చిటికెడు చదువు. మన దగ్గర లేనిది తెలివి కాదు తమ్ముళ్లూ, పది పన్నెండు వేల ఎద్దులను లెక్క తప్పకుండా నడిపిన జాతి మనది. ఆ తెలివికి ఇప్పటి కాలపు తూకం, లెక్క, పేరు చేరాలి. మన పిల్లల్లో ఒకరు భూగర్భశాస్త్రం చదివి, ఈ తొలకరికి కాకపోతే వచ్చే పదేళ్లలో ఒక తొలకరికి, జొన్నగిరి పొలంలో దళారి ముందు నిలబడి "ఇది ఇంత తూగుతుంది, ఇది ఫలానా రాయి, దీని ధర ఇంత" అని చెప్పగలిగితే, కొల్లూరులో మట్టి మోసి పేరు లేకుండా పోయిన ఆ 60 వేల మందికి మనం చేసిన పెద్ద పూజ అదే.

భోజనాల దగ్గర ఆ చిన్న తూకం పెట్టుకుని కూర్చుంటాం. ఎవరి జేబులోనైనా రాయి ఉంటే, ఉందని మాకు తెలుసు, సిగ్గుపడకుండా తీసుకురండి. కలిసి తూచి చూద్దాం.

జై సేవాలాల్.